వైరు పీకి తెరవాలి

లక్సెట్టిపేట బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు కోమలది. ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆమే దిక్కు. అంత తెలిసిన మనిషి, ఒక్క పని మాత్రం చూసినవాళ్లు నవ్వుకునేట్టు చేసేది. శుక్రవారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, ముందు ఇంటర్నెట్ వైరు పీకేది. పుస్తెలతాడుకు పిన్నీసుతో తగిలించుకున్న పెన్ డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు పెట్టి, అందులో ఉన్న కాల్ ప్రోగ్రాం తెరిచేది. అది పూర్తిగా తెరుచుకున్నాకే వైరు మళ్లీ గుచ్చేది. వైరు ఉండగా తెరిస్తే ఆ మాయదారిది ఎవరినీ అడగకుండా కొత్త వెర్షన్ దింపుకుని తనంతట తనే మారిపోతుంది.

మారితే సంపత్ దొరకడు. సంపత్ ఆమె పెనిమిటి, గల్ఫ్‌లో ఉంటాడు. పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆ పెన్ డ్రైవ్ తనే చేతిలో పెట్టాడు.

"ఆడ నెట్ కాల్లు బంద్ వెట్టిండ్రు. గీ పాతదాంట్లనే కలుస్తది. రూమోళ్లందరికి ఒక్కటే కంప్యూటర్, శుక్రారం ఒక్క గంట నా వంతు. కొత్తది పడ్డదా, ఇగ మనం మాట్లాడుకునుడు ఉండది."

మామూలు ఫోన్‌కు ఖర్చెక్కువని, చావుబతుకులకు తప్ప చేయొద్దని కూడా అనుకున్నారు. కాబట్టి వారమంతా కోమల మాటలు కూడబెట్టుకునేది. మంగళవారం జ్వరమొస్తే చెప్పుకోవడానికి శుక్రవారం రావాలి. అప్పటికి జ్వరమే పోయేది. రాత్రిళ్లు అత్త యాదవ్వ పెందలాడే పడుకుంటే, అన్నం పళ్లెం ముందు పెట్టుకుని ఆ గంటలో ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాతో పేర్చుకుంటూ కూర్చునేది. ఆ పాత వెర్షన్‌ను కంటికి రెప్పలా కాచుకున్నదంటే కాచుకోదా మరి? దాని కాపీ ఇంకో పెన్ డ్రైవ్‌లో వేసి బీరువాలో పట్టుచీర మడతలో కూడా దాచింది.

ఆ ఏడు దసరా గురువారం పడింది. షాపులో జిరాక్స్ మిషన్‌కు, కత్తెరకు, స్టాప్లర్‌కు కూడా బొట్లు పెట్టి కోమల హారతి వెలిగించబోతుంటే యాదవ్వ కంప్యూటర్ వైపు చెయ్యి చూపి ఆపింది.

"అన్నిటికి బొట్టు వెడ్తున్నవ్, నా కొడుకును మరిచినవా? గా డబ్బల తియ్యి వాని ఫోటో. పండుగ పూట వాన్ని గూడ పూజల కూసోవెడ్త."

ఒక చేతిలో పళ్లెం, ఒక చేతిలో కొబ్బరికాయ. అత్త తొందర. కోమల పెన్ డ్రైవ్ పెట్టి ప్రోగ్రాం తెరిచింది. వైరు పీకడం మరిచింది.

తెర మీద సంపత్ ఫోటో వచ్చింది. యాదవ్వ మురిసిపోతూ అద్దం మీద, సరిగ్గా కొడుకు నుదుట, కుంకుమ అద్దింది. ఆ వేలి కిందనే నీలిగీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతోంది. కోమల చూసేసరికి అది చివరికి చేరింది. ప్రోగ్రాం మూసుకుని, కొత్త రంగుల్లో తెరుచుకుంది.

ఇక రేపటి గంట లేదు. బహుశా ఏ గంటా లేదు.

అప్పుడు కనబడింది. పాతదాంట్లో ఎన్నడూ లేని ఒక పచ్చచుక్క, సంపత్ ఫోటో పక్కన. కింద 'ఆన్‌లైన్‌లో ఉన్నారు' అని. ఈరోజు గురువారం, అతని వంతు కాదు. కాల్ నొక్కింది. 'వేరే కాల్‌లో ఉన్నారు' అని వచ్చింది. కాసేపాగి మళ్లీ నొక్కింది. అదే మాట.

కొత్తదాంట్లో కలవదన్న మనిషి కొత్తదాంట్లోనే ఎవరితోనో కలిసి ఉన్నాడు. పండుగ పూట ఎవరితో? కన్నతల్లి ఇక్కడ నిలబడి ఉంది, కట్టుకున్నది ఇక్కడ నిలబడి ఉంది.

"ఏమంటుండు బిడ్డా?" అని యాదవ్వ అడిగింది.

"కలుస్తలేదత్తమ్మా. ఆడ నెట్ లేనట్టుంది."

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని వచ్చినవాళ్లందరితో కోమల నవ్వుతూనే అలాయ్‌బలాయ్ తీసుకుంది. ఎవరికి చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అందరూ పోయాక గిన్నెలు తోమే జాలాట్లో నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో తనివితీరా ఏడ్చింది.

తెల్లవారి బీరువా తెరిచింది. పట్టుచీర మడతలోంచి కాపీ తీసి షాపుకు పోయింది. కొత్త వెర్షన్‌ను తుడిచేసి, పాతదాన్ని దాని చోట్లో పెట్టింది. ఆ గంట అబద్ధమే కావచ్చు. కానీ ఆ గంట తప్ప ఆమెకు ఇంకేముంది?

మధ్యాహ్నం షట్టర్ సగం దించి, వైరు పీకి, తెరిచి, మళ్లీ గుచ్చింది. పచ్చచుక్క లేదు. అద్దం మీద నిన్నటి కుంకుమ అట్లాగే ఉంది. కాల్ మోగింది.

"నిన్న దసరకు ఏం జేసిండ్రు?" అని అడిగింది.

"ఏం జేస్త, డ్యూటీకి వోయి వచ్చి పండుకున్న. ఎవ్వలతోని మాట్లాడనే లే" అన్నాడు సంపత్. "అగో, కొత్తది గిట్ల పడనియ్యకు. మళ్ల కలువం."

"పడనియ్య" అన్నది కోమల.

అతను గొంతు సవరించుకున్నాడు. గంటలో ఇంకా చాలా మిగిలే ఉంది. కోమల కుర్చీ దగ్గరికి జరుపుకుని, అత్త మోకాళ్ల నొప్పుల సంగతి మొదలుపెట్టింది.