కడగని కత్తెర

నేను ఒక కత్తెరను. పాత లారీ కమాను ముక్కను కాల్చి, సానబట్టి నన్ను చేశారు. పదేళ్లు ఒక దర్జీ చేతిలో గుడ్డలు కోశాను. చూపు తగ్గి ఆయన పని మానేశాక, కూతురు హిమజ నన్ను తన పరిశోధనకు తీసుకుపోయింది. అప్పటినుంచి ఆకులు కోస్తున్నాను.

తాటి, ఈత, కొబ్బరి, కొండల్లో కల్లునిచ్చే జీలుగు చెట్టు అన్నీ ఒకే వంశం. ఆకులోని డీఎన్‌ఏ అక్షరాల వరుసలు పోల్చి, ఏది దేనికి దగ్గర చుట్టమో తేల్చడం హిమజ పని. సొంత చుట్టాల గుమ్మం తొక్కని మనుషులకు చెట్ల చుట్టరికం మీద ఇంత పట్టుదల!

ఏజెన్సీ కొండ మీద కల్లు గీసే డొంబు తాత ఆమెను పిలిపించాడు. అక్కడి మూడు చెట్లు జీలుగులా కనిపిస్తాయి గానీ జీలుగులు కావని ఆయన మాట. కొత్త రోడ్డు వాటి మీదుగా పడుతోంది. వేరే జాతని రుజువైతే రోడ్డు పక్కకు తిప్పుతామని అధికారులు నెల గడువిచ్చారు.

హిమజ ముందు పోలిక కోసం మామూలు జీలుగు ఆకు కోసింది. తర్వాత ఆ మూడింటి దగ్గరికి నడిచింది.

“కత్తెర కడుగమ్మా. చెట్టు మారితే కత్తి కడగందే మేం గీత పెట్టం,” అన్నాడు తాత.

“స్పిరిట్ అయిపోయింది తాతా. వాగు దాకా దిగితే బస్సు వెళ్లిపోతుంది.”

“బస్సు రేపూ వస్తాది.”

“అందాకా నీ కల్లు తాగి తొంగోమంటావా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. హిమజ నన్ను చున్నీతో తుడిచేసింది. నా రెండు అలుగుల మధ్య, మర దగ్గర, జీలుగు పసరు ఇంకా తడిగానే ఉంది. ఆ తడితోనే మూడు చెట్ల ఆకులూ కోశాను.

ప్రయోగశాలలో జీలుగు అక్షరాలూ ఈ చెట్ల అక్షరాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి. అందరూ యంత్రాన్ని తిట్టారు. ‘తేలలేదు’ అని నివేదిక వెళ్లింది. గడువు తీరి, హిమజ మళ్లీ కొండెక్కేసరికి మూడు మొద్దులే మిగిలాయి.

“తప్పు నాది తాతా. కత్తెర కడగాల్సింది,” అంది, తల ఎత్తకుండా.

“నువ్వు నవ్వితే నేనూ నవ్వేసినానమ్మా. కసరాల్సింది,” అన్నాడాయన.

నన్ను వాగులో కడిగి, పడిపోయిన మట్టల నుంచి ఒక ఆకు కోసుకొచ్చింది. ఈసారి వరుస స్పష్టంగా వచ్చింది. జీలుగు కాదు, ఇంతవరకు ఎవరూ రాయని జాతి.

ఇప్పుడు ప్రదర్శనశాలలో ఆ ఎండుటాకునూ నన్నూ ఒకే అద్దాల పెట్టెలో పెట్టారు. వెనక గోడ మీద వంశవృక్షం. అందులో ఆ జాతికి కొత్తగా ఒక కొమ్మ గీశారు. పిల్లలు వచ్చి, ఆ చెట్టు ఎక్కడుందని అడుగుతారు.