పెద్దాయన సంతకం

కాలేజీవాళ్ళకేం, ఓ ప్రశ్న పడేసి హాయిగా కూర్చుంటారు. "మీకంటే భిన్నమైన మనిషి నుంచి ఏం నేర్చుకున్నారో మూడువందల మాటల్లో రాయండి" అన్నారు. పైగా ఎవరి గురించి రాస్తే ఆ మనిషి చదివి కింద సంతకం పెట్టాలట. గడువు సాయంత్రం ఐదు. మార్కులు అంతంతమాత్రం కాబట్టి ఈ వ్యాసం బాగుంటేనే మేనకోడలికి సీటు. లేదంటే ఇంకో ఏడాది మేనమామ బైండింగు షాపులో పుస్తకాలకు అట్టలు అతికిస్తూ కూర్చోవడమే.

"మన పెద్దాయన ఉండగా నీకేం లోటే? ఆయన మీద రాసెయ్. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకోవాలి," అన్నాడు మేనమామ.

పెద్దాయన ఆ షాపులో పుస్తకాలు కుట్టే మనిషి. పుట్టుచెవుడు. చేతులతో మాట్లాడతాడు. ఎదుటివాళ్ళకు అర్థం కాకపోతే కటింగ్ మెషిన్ కింద రాలిన కాగితపు పేలికల మీద రాసి చూపిస్తాడు. పని తొందరలో అవి చదివే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని షాపులో అందరికీ ఓ పాడు అలవాటు పట్టుకుంది: ఆయన చేతులాడిస్తే నవ్వి తలూపెయ్యడం, బొటనవేలు పైకెత్తడం. రెండేళ్ళుగా ఆయన పక్క స్టూలు మీదే కూర్చుంటున్న మేనకోడలు ఇందులో అందరికంటే ఆరితేరింది.

మధ్యాహ్నానికల్లా వ్యాసం తయారు. ఆయన మౌనం తనకు సహనం నేర్పిందనీ, మాటల్లేకుండానే మనసులు కలుస్తాయనీ రాసింది. అబ్బో, చదువుకుంటే తనకే ముచ్చటేసింది.

పెద్దాయన సూది పక్కనపెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చదివాడు. ఓ పేలిక అందుకుని రాశాడు: "నాకు సహనమా? మీ మామనడుగు."

మేనకోడలు నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంకో పేలిక తీశాడు. "పోయిన నెల ఒక పొద్దున వస్తూనే నీకో మాట చెప్పాను. గుర్తుందా?"

లేకేం, గుర్తుంది. ఆ రోజు ఆలస్యంగా వచ్చి, నిలబడే చాలాసేపు చేతులాడించాడు. ఆమె చేతినిండా జిగురు. ఎప్పటిలాగే నవ్వింది. తర్వాత ఆయన మేనమామకు సెలవు చీటీ ఇచ్చి మూడు రోజులు రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"మా అన్న పోయాడని చెప్పాను," అని రాశాడు పెద్దాయన. "నువ్వు బొటనవేలు చూపించావు."

మేనకోడలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. క్షమించమని ఎలా చెప్పాలో కూడా ఆమె చేతులకు తెలియదు. కాగితం పట్టుకుని అట్టల గుట్ట వెనక్కి పోయి, కాసేపు ఏడ్చి, మళ్ళీ రాయడానికి కూర్చుంది. ఈసారి ఆ పొద్దున జరిగింది జరిగినట్టు రాసింది. రెండేళ్ళలో ఆయన భాషలో తనకు వచ్చినవి నాలుగే మాటలనీ, అవి నీళ్ళు, టీ, జిగురు, అయిపోయింది అనీ రాసింది. మూడువందల మాటలు కాలేదు, నూటపది అయ్యాయి.

పెద్దాయన రెండోదీ చదివాడు. రెండింటి కిందా సంతకం పెట్టి, పాతదాన్ని ఆమెవైపు జరిపి రాశాడు: "కొత్తది పంపితే సీటివ్వరు. ఇదే పంపు. అబద్ధమైనా నాకేం పర్లేదు. నువ్వు చదువుకోవాలి."

"ఐదవుతోందే! ఇంకా ఏం చూస్తున్నావ్?" కంప్యూటరు దగ్గర్నుంచి కేకేశాడు మేనమామ.

ఆమె కొత్తదాన్నే స్కాన్ చేసి పంపింది. తెర మీద అది చదివిన మేనమామ నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి తింగరిదానా! చేతిలో ఉన్న సీటు పోగొట్టుకున్నావు కదే!"

"పోతే పోనీ మామయ్యా," అంది.

స్టూలు పెద్దాయనకు ఎదురుగా లాక్కుని ఓ పేలిక మీద రాసింది: "మీ అన్నయ్య పేరేంటి?"

ఆయన పెన్సిలు తీసుకోలేదు. చేత్తో చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు, కాలేదని అడ్డంగా తలూపింది. ఆయన మళ్ళీ, ఈసారి నెమ్మదిగా చూపించాడు.