దానికి తెలీదు

మా పరీక్షకి నాలుగు పేపర్లు. నాలుగూ పాసైతే అకౌంటెంటుగా లైసెన్సు ఇస్తారు. అప్పటిదాకా మనం డిగ్రీ ఉన్న నిరుద్యోగులం, అంతే. నాలుగూ ఒకేసారి రాయాలని రూలు లేదు, ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. ఇంతవరకు వింటే దయగల పరీక్షే అనిపిస్తుంది. మెలిక ఎక్కడుందంటే, పాసైన పేపరుకి గడువుంటుంది. మొదటిది పాసయ్యాక ఆ గడువులోగా మిగతా మూడూ పూర్తిచెయ్యకపోతే మొదటిది చెల్లకుండా పోతుంది. దాన్ని మళ్ళీ రాయాలి. అది రాసేలోపు రెండోదాని గడువు ముంచుకొస్తుంది. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు ఏళ్ళ తరబడి పోస్తూనే ఉన్నవాళ్ళని నేను చూశాను.

మా రీడింగ్ హాల్లో అలాంటివాడు ఒకడున్నాడు. అందరం తాతయ్య అంటాం గానీ అతనికి ఇంకా తల కూడా నెరవలేదు. నాలుగు పేపర్లూ పాసైనవాడే, కాకపోతే నాలుగూ ఒకేసారి చేతిలో నిలవలేదు. ఏ కుర్చీ కిర్రుమంటుందో, ఏ ఫ్యాను కింద కాగితాలు ఎగురుతాయో కొత్తవాళ్ళకి చెప్పేది అతనే. నీ కుర్చీ కూడా నీ పేరున రాసిచ్చేట్టున్నారే అని ఒకసారి నాతో అన్నాడు. సరదాకే అన్నాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

నాకు మిగిలింది ఆడిట్ పేపరు. రెండుసార్లు తప్పాను. ఈసారి కూడా తప్పితే మొదట పాసైన పన్నుల పేపరు ఎగిరిపోతుంది, నేను తాతయ్య పక్క కుర్చీలో శాశ్వతంగా కూర్చుంటాను. మొదటిసారి తప్పినప్పుడు వెక్కివెక్కి ఏడ్చాను. రెండోసారి ఏడుపు రాలేదు. రాలేదేమిటా అని ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. చెయ్యి ఒంటికింద పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టుంటుంది చూడండి, నేను మనిషి మొత్తం అలా ఉండేదాన్ని. లేవడం, హాలుకి పోవడం, ప్రశ్నలు చెయ్యడం, మెస్సులో ఏం పెడితే అది తినడం, మళ్ళీ ప్రశ్నలు. హాస్టల్లో పక్కగది అమ్మాయి ఉద్యోగం వచ్చిందని చాక్లెట్ ఇస్తే తీసుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. అది కరిగి రెండు పేజీలు అంటుకుపోయాయి. ఆ పేజీలు ఎటూ కంఠతా వచ్చినవే కదా అని విడదియ్యలేదు.

మా ఇల్లు అక్కడికి బస్సులో ఒక పూట ప్రయాణం. ఇంట్లో నాన్న, అమ్మ, అమ్మ వాళ్ళక్క. మా పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు, కుట్టుమిషను చేసుకుంది అనేవాడు నాన్న. ముందుగదిలో కిటికీ దగ్గర మిషను, దాని చుట్టూ కర్టెన్లూ స్కూలు యూనిఫారాలూ గుట్టలుగా ఉండేవి. నా కోచింగు ఫీజు ఆ గుట్టల్లోంచే వచ్చింది. సెలవులకి వెళ్తే ప్రశ్నల పుస్తకం పట్టుకుని నాకు పరీక్ష పెట్టేది కూడా ఆవిడే. ఆడిట్ అంటే ఏమిటో ఆవిడకి ఒక్క ముక్క తెలీదు. అయినా నేను జవాబు చెప్పగానే పుస్తకంలోకి చూసి, ఒక మాట అటూ ఇటూ అయినా ఒప్పుకునేది కాదు. భావం అదే పెద్దమ్మా అంటే, భావం సంగతి నాకెందుకు, ఇక్కడ అలా లేదు అనేది. అమ్మ నన్ను కన్నది గానీ నా మీద పేచీ పెట్టే హక్కు మొత్తం పెద్దమ్మే రాయించుకుంది. నాకు జ్వరమొస్తే పక్కన పడుకున్నది ఆవిడే, మార్కులు తగ్గితే నాన్న దగ్గర అబద్ధమాడిందీ ఆవిడే.

అమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. ముందుగదిలోంచే చేసేది కాబట్టి వెనకాల మిషను మోతతో సగం మాటలు వినిపించేవి కావు. కాస్త ఆపవే అక్కా అని అమ్మ, నువ్వే అటు పోయి మాట్లాడుకో అని పెద్దమ్మ. ఆ తగువు అయ్యాకే అసలు మాటలు మొదలయ్యేవి.

ఒక సాయంత్రం మాట్లాడి ఫోన్ పెట్టేశాక ఏదో వెలితిగా అనిపించింది. మర్నాడు కూడా అంతే. మూడోనాటికి తట్టింది, మిషను చప్పుడు లేదు.

మా కోచింగ్ మాస్టారు మొదటి క్లాసులోనే ఒక మాట చెప్పారు. లెక్కల్లో ఉన్నది సరిగ్గా ఉందో లేదో ఎవడైనా చూస్తాడు, ఉండాల్సింది లేకుండా పోయిందేమో చూసేవాడే ఆడిటర్ అని. ఆయన చెప్పినవన్నీ మేము గాలికి వదిలేశాం గానీ ఇది మాత్రం ఒంటికి పట్టేసింది. మెస్సులో ఎవరు రాలేదో ముందు నాకే తెలిసేది. అలాంటి ముక్కుతో మా ఇంటి వాసన పట్టనా?

పెద్దమ్మేదీ అని అడిగాను. పడుకుంది అంది అమ్మ. సాయంత్రం పూట పెద్దమ్మ పడుకోవడమంటే సూర్యుడు పడమట పొడవడమే. ఇంకోరోజు అడిగితే, పక్కింటికి వెళ్ళింది, వాళ్ళమ్మాయికి ఏదో కొలతలట, అవి కాస్త ఎక్కువ సేపు పట్టేట్టున్నాయి, పాపం వాళ్ళు రమ్మని బతిమాలారు అంటూ నేనడగనివన్నీ చెప్పింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. పక్కింటి వాళ్ళతో పెద్దమ్మకి మాటల్లేక ఏళ్ళయింది.

ఇక్కడ నేను చేసిన పని మాలాంటివాళ్ళే చేస్తారు. అమ్మా నిజం చెప్పు అని ఒక్కమాట అడిగితే అమ్మ ఆగదు, మొత్తం చెప్పేస్తుంది. చెప్పిందంటే నాకు తెలిసినట్టు. తెలిస్తే వెళ్ళాలి. వెళ్తే తిరిగి రావడం నా చేతుల్లో ఉండదు, పరీక్ష దగ్గర పడింది. అందుకని అడగలేదు. అనుమానం వేరు, ఆధారం వేరు అని పుస్తకంలో ఉంది కదా. నా దగ్గర ఉన్నది అనుమానమే, ఆధారం లేదు, లేనప్పుడు నాకు తెలియనట్టే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని లోకమంతా నవ్వుతుంది గానీ, ఆ పిల్లి మా పేపరు రాస్తే మొదటిసారే పాసవుతుంది.

తర్వాత ఆధారం కూడా వచ్చింది. అమ్మ ఫోన్ చేసి, తిన్నావా, చదువుతున్నావా అంటుండగా వెనకనుంచి ఒక ఆడగొంతు గట్టిగా పిలిచింది.

"పదమూడో బెడ్డు తాలూకు ఎవరండీ? ఎవరైనా ఉన్నారా?"

అమ్మ ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

"టీవీ" అంది.

"కాస్త సౌండు తగ్గించమ్మా, వినపడట్లేదు" అన్నాను.

తగ్గిస్తానంది. నిజంగానే ఎక్కడికో నడుచుకుంటూ వెళ్ళింది, మెట్ల దగ్గరికి కాబోలు, గొంతు గింగురుమంది. మేమిద్దరం ఇంకొంచెం సేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు భయం వెయ్యాలి, దుఃఖం రావాలి. ఏదీ రాలేదు. పుస్తకం తెరిచి ఆపిన చోటునుంచి మొదలుపెట్టాను. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి. ఆ తర్వాత పరీక్ష దాకా పెద్దమ్మ గురించి నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. నేను అడగకపోవడం అమ్మకి పెద్ద ఊరట అయినట్టుంది, గొంతు తేలికపడింది.

పరీక్ష రోజు జేబులు తిప్పి చూపించి, ఫోన్ లాకర్లో పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెద్ద ప్రశ్న ఒకటి ఇలా వచ్చింది. కంపెనీ లెక్కలు మూసిన తేదీ తర్వాత, ఆడిటర్ సంతకం పెట్టేలోపు, వాళ్ళ గోదాము కాలిపోయింది. కంపెనీవాళ్ళు చెప్పలేదు. ఆడిటర్‌కి వేరే దారిలో తెలిసింది. అతనేం చెయ్యాలి? తెలిసిన మరుక్షణం వెళ్ళి అడగాలి, వాళ్ళు చెప్పలేదు కాబట్టి నాకు తెలియదు అనడానికి వీల్లేదు అని రాశాను. పుస్తకంలో ఎలా ఉందో అలా, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా రాశాను. ఆ పేపరు పాసయ్యానని ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత ఆ సంగతి ఎత్తే వీలుండదు.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి అయిపోయింది అన్నాను. ఎలా రాశావని అమ్మ అడగలేదు. భోరున ఏడ్చింది. బయల్దేరి నేరుగా మా ఊరి పెద్దాసుపత్రికే రమ్మంది. ఎందుకు, ఎవరికేమైంది అని నేను అడగాలి కదా. అది మర్చిపోయాను. అమ్మ ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర నా చేతులు పట్టుకుని అమ్మ అన్నీ చెప్పింది. కడుపులో నొప్పంటే గ్యాసు అనుకున్నారట. ఆపరేషన్ అని కోశారు, చూసి, చేసేదేమీ లేదని మళ్ళీ కుట్టేశారు. ఇక రోజుల్లోనే అన్నారు. పెద్దమ్మ మొదటిరోజే నాకు చెప్పకూడదని అమ్మ చేత ఒట్టు వేయించుకుందట.

"రోజూ నీతో మాట్లాడి రాగానే అడిగేదే, దానికేమైనా అనుమానం వచ్చిందా అని. లేదక్కా అంటే హమ్మయ్య అనేది. తెలిస్తే అది ఆగదే, పరీక్ష గిరీక్ష అనకుండా పరిగెత్తుకొచ్చేస్తుంది అనేది. నీకు తెలీదు కదా తల్లీ, నీ తప్పేముంది. నువ్వేం మనసులో పెట్టుకోకు" అంది అమ్మ.

నేను తలూపాను. వార్డు పొడుగునా నడుస్తుంటే నా కాళ్ళు ఎవరివో నడుస్తున్నట్టుంది.

పెద్దమ్మ మంచంలో సగానికి సగం అయిపోయింది. దుప్పటి ఎత్తుగా కనిపించింది పాదాల దగ్గరే. కళ్ళు మాత్రం ఆవిడవే, నన్ను కింది నుంచి పైదాకా కొలిచాయి. చిక్కిపోయావేమే అంది, తన సంగతి వదిలేసి. కాఫీ తెస్తానని అమ్మ బయటికి వెళ్ళింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. పరీక్ష బాగా రాశావా అంది. రాశానన్నాను. అదీ మాటంటే అంది. ఆ ఒక్కమాటకే ఆయాసమొచ్చింది ఆవిడకి.

చెప్పకుండా ఉండొచ్చు. చెప్పి ఆవిడకి ఒరగబెట్టేదేమీ లేదు. కానీ నా గురించి ఆవిడ పెట్టుకున్న నమ్మకం నా ముందే మంచం మీద పడుకుని ఉంటే, మౌనంగా దాన్ని జేబులో వేసుకోవడం నావల్ల కాలేదు.

"నాకు తెలుసు పెద్దమ్మా" అన్నాను.

"ఏం తెలుసు?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని. అమ్మ ఫోన్లో వినపడింది. పరీక్ష పోతుందని రాలేదు."

తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. పెద్దమ్మ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలమేమీ లేదు.

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఎవరికీ చెప్పకు." ఊపిరి తీసుకుంది. "నీకు తెలీదనే అందరికీ చెప్పుకున్నాను నేను."

అప్పుడే నర్సు సెలైన్ సీసా మార్చడానికి వచ్చింది. ఫోన్లో విన్న గొంతు ఆవిడదే. నన్ను చూసి, ఈ అమ్మాయేనా మీరు రోజూ చెప్పే అమ్మాయి అంది. పెద్దమ్మ మొహంలోకి, ఎక్కడినుంచి తెచ్చుకుందో, కాస్త వెలుగు తెచ్చుకుంది.

"ఇదే. పాపం దీనికి తెలీదండీ. ఇవాళే తెలిసింది, తెలిసీ తెలియగానే వచ్చేసింది" అంది.

నర్సు నా వైపు తిరిగింది. పెద్దమ్మ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

"అవునండీ, ఇవాళే తెలిసింది" అన్నాను.

అయ్యో పాపం అని నర్సు నా భుజం తట్టింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఎంతకీ ఆగలేదు. చూశారా, నేను చెప్పలేదూ, దానికి నేనంటే ప్రాణం అంటోంది పెద్దమ్మ నర్సుతో.