మోటూ పథ్యం

కుక్కపిల్లకు మోటూ అని పేరు పెట్టింది పైడిబాబు. బొద్దుగాడని అర్థం వచ్చే ఆ హిందీ పేరు పెట్టిన నాడు అందరూ ముచ్చటపడ్డారు. ఐదో నెల వచ్చేసరికి అదే పేరు విని నవ్వడం మొదలుపెట్టారు. దానితో ఒకే ఈతలో పుట్టిన పిల్ల పక్కింటి యర్రమ్మ దగ్గర మేకల్ని తరిమేంత ఎదిగింది. మోటూ మాత్రం ఇంకా రెండు అరచేతుల్లో ఒదిగిపోతోంది. పెంచడం చేతకానమ్మకిస్తే ఇంతే మరి అని రేవులో ఆడవాళ్లు అనుకున్నారు. ఊరి నోటికి మూకుడు ఎవరు పెడతారు? పైడిబాబు పెళ్లాం అమ్ములుకు రోషం పొడుచుకొచ్చి, ఆ పూట ఇంకో రెండు చేపముక్కలు ఎక్కువ పెట్టింది.

చేపలకు ఆ ఇంట్లో ఏనాడూ కొదవ లేదు. రంగత్‌కు ముప్పావుగంట బస్సు దూరంలో, అదే దీవిలో ఉన్న ఆ రేవులో నలభై గడపలుంటే నలభై మందిదీ వేటే. పైగా పైడిబాబు ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వాళ్ల నాన్న అప్పయ్య ఒకసారి గాలివానలో దారితప్పి, ఒడ్డున తన కుక్క అరుపు పట్టుకుని ఇంటికి చేరాడట. అప్పటినుంచి వలలో పడ్డ తొలి చేపను అమ్మరు, వండరు. దాన్ని ఇంటి కుక్కకే పెడతారు, పెడితేనే వల నిండుతుందని నమ్మకం. అప్పయ్య పోయాడు, ఆ కుక్కా పోయింది, కట్టుబాటు మాత్రం మిగిలింది. మోటూ వచ్చిన రోజునుంచీ పైడిబాబు పడవ దిగి చేతులైనా కడగకుండా ముళ్లు తీసి, తొలి చేపను తన చేత్తో తినిపించేవాడు. తిన్న కాసేపటికి మోటూ తూలేది. ఉన్నచోటే గిరగిరా తిరిగి, పోయి గోడకు తల ఆనించి అలాగే నిలబడిపోయేది. కడుపు నిండితే మత్తు రాదా అని మొగుడూ పెళ్లాలు నవ్వుకునేవారు.

ఒకరోజు అది గోడ దగ్గరే పడిపోయి కాళ్లు కొట్టుకుంది. అప్పుడు గానీ అమ్ములు రంగత్ పశువుల డాక్టరమ్మ దగ్గరకు పరిగెత్తలేదు. రక్తం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, ఫలితం రావడానికి పదిరోజులు పట్టింది. కాలేయంలోకి పోయి శుభ్రపడాల్సిన రక్తం పుట్టుకతోనే పక్కదారి పట్టిపోతోందని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. బలమైన తిండి పెట్టేకొద్దీ అది దీనికి విషమవుతుందట. చేప, మాంసం, గుడ్డు మానిపించి అన్నం, పెరుగు, ఆనపకాయ పెట్టి, పూటకో చెంచా మందు పొయ్యమంది. ఆపరేషన్ ఉందిగానీ అది చేసేవాళ్లు సముద్రానికి అవతల ఉన్నారు. మూడు నాలుగు రోజుల ఓడ ప్రయాణం ఈ ప్రాణి తట్టుకోలేదని కూడా ఆవిడే చెప్పింది.

జాలరి రేవులో కుక్కకు చేప తగలకుండా కాపాడడమంటే వానలో దీపం పట్టుకుని నిలబడడమే. వాకిట్లో ఎండుచేపలు, దారిలో పొలుసులు, ఎవరింటి ముందు చూసినా తలకాయలు. జాలిపడ్డ ప్రతి చెయ్యీ ఓ ముక్క విసురుతుంది, పాపం బక్కప్రాణి అంటూ. అందుకని అమ్ములు తలుపు గడియ పెట్టింది. కిటికీలకు పాత వల కట్టింది. వారానికి మూడు పొద్దులు రంగత్ బజారులో చేపలమ్మేది, అదీ మానేసింది. నూకాలమ్మ పండక్కి యర్రమ్మ వచ్చి పిలిస్తే గడియ తియ్యకుండానే రానని చెప్పింది. పైన రేకుల మీద వాన, కింద కుక్క ఉచ్చ వాసన, నడుమ తను. కుక్కను కట్టేశాననుకుంది గానీ, తాడు రెండో కొస తన కాలికే ఉంది.

చప్పిడన్నం మోటూకు రుచించలేదు. మూతి తిప్పేసుకుని రెండురోజులు పస్తు ఉంది. తింటే ఒక చావు, తినకపోతే ఇంకో చావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు పెద్దలు. మూడోరోజు అమ్ములు అన్నంలో కాస్త ఉప్పు, కాస్త పసుపు, ఓ చిటికెడు ఎండురొయ్యల పొడి వేసి పిసికి పెడితే గిన్నె నాకేసింది. ఆ ఇళ్లల్లో రొయ్యపొడి పడకుండా పప్పయినా దిగదు. ఉప్పు ఎవరూ లెక్కపెట్టనట్టే దాన్నీ ఎవరూ లెక్కపెట్టరు. పిల్ల తిన్నదన్న సంతోషంతో ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. రోజులు గడిచేకొద్దీ ఆ చిటికెడు కాస్తా గుప్పెడైంది.

మోటూ మళ్లీ తూలింది. మళ్లీ గోడకు తల ఆనించింది. తన పథ్యంలో లోటు లేదు, మందులో లోటు లేదు, మరి చేప ఎలా చేరుతోంది? ఈ గుమ్మం దాటి వచ్చే మనిషి ఒక్కడే. ఆ మనిషికి తొలి చేప మొక్కు ఉంది. అనుమానం ఒకసారి కాలు పెట్టాక కూర్చోమని చెప్పక్కర్లేదు. ముందు అతని చేతులూ కాళ్లూ గుమ్మంలోనే కడిగించింది. ఆ తర్వాత మోటూను ముట్టుకోనివ్వలేదు. ఒక మధ్యాహ్నం అది మూర్ఛపోయి లేచాక, దాన్ని ఎత్తుకుని రేవుకు పోయి, పడవలు దిగుతున్న జనం మధ్య మొగుణ్ణి నిలబెట్టి అడిగేసింది.

"నీ వల నిండడానికి దీన్ని సంపేత్తావేటి మావా?"

పైడిబాబు తలెత్తి చూశాడు. ఒక్క మాటా అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టేనని రేవు తీర్పు చెప్పింది. ఆనాటినుంచి అతను వలలు దాచే పాకలో పడుకున్నాడు. అన్నం గుమ్మం బయట పెడితే తిని, కంచం కడిగి బోర్లించి పోయేవాడు. గడియకు అటు ఒకరు, ఇటు ఒకరు అయిపోయారు. గెలిచాననుకున్న అమ్ములుకు ఆ ఇంట్లో గాలి మరీ కరువైంది.

పథ్యం మొదలైన నలభయ్యో రోజున మోటూ లేవలేకపోతే బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది. డాక్టరమ్మ ఈసారి బొమ్మలు గియ్యలేదు. గిన్నెలో ఏమేం పడుతుందో ఒక్కటీ వదలకుండా చెప్పమంది. అమ్ములు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అన్నం, పెరుగు, ఆనపకాయ, ఉప్పు, పసుపు, రొయ్యపొడి. డాక్టరమ్మ కలం ఆగిపోయింది.

"రొయ్యపొడా? రోజూనా దీదీ?" అని మాత్రం అడిగింది.

పచ్చిచేప కన్నా ఎండిన రొయ్యలోనే బలం ఎక్కువని, పూటపూటా విషం పెట్టినట్టేనని ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. సూది వేసింది. ఇప్పుడు మానేస్తే బతకవచ్చు, పెరగడం మాత్రం ఉండదంది. అమ్ములు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బుట్ట మీద చెయ్యి వేసుకుంది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. అప్పుడే ఒక పాడు ఆలోచన వచ్చింది. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. పొడి డబ్బా తుప్పల్లో పారేస్తే సరి. మోటూ కోలుకుంటుంది, పైడిబాబు ఇప్పటికి బుద్ధి తెచ్చుకున్నాడని ఊరంటుంది. కుక్క ఎంత బాగుపడితే అతని నేరం అంత రుజువవుతుంది. అంతవరకూ తలుచుకుని, ఆవిడ బుట్టను ఒళ్లోకి లాక్కుంది.

బస్సు దిగి ఇంటికి పోలేదు. బుట్టతో సహా తిన్నగా రేవుకే పోయింది. పడవలు అప్పుడే ఒడ్డుకు తగులుతున్నాయి. ఆనాడు ఎంతమంది ఉన్నారో ఈనాడూ అంతమందే ఉన్నారు. యర్రమ్మ కూడా తట్ట పట్టుకుని నిలబడి ఉంది. పైడిబాబు పెళ్లాన్ని చూసి, ఇంకేం వినాలో అన్నట్టు వల వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"పెట్టింది నువ్వు కాదు, నాను," అంది అమ్ములు అందరికీ వినపడేట్టు. "రొయ్యపొడి. పూటపూటా నా సేత్తోనే కలిపి పెట్టినాను. డాక్టరమ్మ సెప్పింది."

పడవలో భాగస్తుడు గోపినాథ్ ముందుకొచ్చాడు. డాక్టరు వద్దన్న నాటినుంచీ తొలి చేపను పైడిబాబు సముద్రంలోకే వదిలేస్తున్నాడని, అప్పటినుంచీ వల పలచగానే పడుతోందని, తామంతా తిట్టినా వినలేదని చెప్పాడు. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని అమ్ములు మొగుణ్ణి అడగబోయింది.

పైడిబాబు తన చేతులకేసి చూసుకున్నాడు. సబ్బుతో, నిమ్మచెక్కతో ఇన్నాళ్లూ తోమితోమి వేళ్ల సందుల్లో తోలు లేచిపోయింది.

"అయితే నా సేతుల వాసనకి కాదన్నమాట," అన్నాడు. "నాను ఏటీ పెట్టనేదు గదా, మరి సేతులు నాకితేనే మూర్ఛ వత్తాందేమో అనుకున్నాను."

చేతులు వెనక్కి పెట్టుకుని అడిగాడు.

"మరి ఇంటికి రావొచ్చేటి?"

అమ్ములు మోటూను బుట్టలోంచి తీసి, అంతమందిలోనూ అతని చేతులు ముందుకు లాగి వాటిల్లో పెట్టింది.