ముప్పావు తిప్పు

పెట్రోలు ఆవిరంతా బయటికి పోయేదాకా ఫ్యాను తిరగనిచ్చి, అప్పుడు పడవ ఇంజను పెట్టె మూత ఎత్తాడు మెకానిక్. ఎప్పుడూ తగిలే మోకాలే మళ్ళీ మూత అంచుకు తగిలింది. "నీ దుంప తెగ!" అన్నాడు. మూతను తిట్టాడో, మోకాలిని తిట్టాడో అతనికే తెలియదు. మెడలోని తువ్వాలు తీసి సీటు మీద పరిచాడు. దాని మీద స్క్రూడ్రైవరు, రెండు స్పానర్లు, వాక్యూమ్ మీటరు వరసగా పెట్టాడు.

రేవులో అందరూ అతన్ని ముప్పావు అంటారు. ఏ స్క్రూ ఎంత తిప్పాలని ఎవరడిగినా "ముప్పావు తిప్పి చూడు" అనడం అతని అలవాటు. మోపెడ్‌కైనా, నీళ్ళ మోటారుకైనా అదే మందు. చిత్రంగా చాలామందికి పనిచేసేది. పనిచేయలేదని తిరిగొస్తే "అయితే పావు వెనక్కి రా" అనేవాడు. అసలు పేరు పెట్టి పిలిచేది భార్య ఒక్కతే, అదీ ఒళ్ళు మండినప్పుడు. పొట్టి మెడ, దిట్టమైన భుజాలు. ఏళ్ళ తరబడి ఒకే పక్కకు వంగి పనిచేసినందువల్ల ఎడమ భుజం కాస్త కిందికి జారింది. పెట్రోలు తగిలి తగిలి వేళ్ళ కొనలు సున్నం కొట్టినట్టు తెల్లగా, పగుళ్ళతో ఉంటాయి. సాయంత్రం ఇంటికెళ్తే కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే భార్య "ముందు స్నానం, తర్వాత మాటలు" అంటుంది. స్నానమయ్యాక పెద్దగా మాటలేమీ ఉండవు.

ఆ పడవకు కింద తిరిగే పంకా రెక్కలుండవు. అడుగు నుంచి నీటిని పీల్చి వెనక నుంచి ధారగా చిమ్ముతుంది. ఆ విసురుకే ముందుకు పోతుంది. మోకాటి లోతు నీళ్ళలోనూ నడుస్తుంది కాబట్టి ఏటికి ఎగువనున్న ఊళ్ళకు అదే దిక్కు. ధార ఉన్నంతసేపే చుక్కాని పనిచేస్తుంది. ఇంజను ఒక్క క్షణం దగ్గినా చక్రం ఎటు తిప్పినా ఒకటే, పడవ ఏటి దయ. వారం నుంచీ అది దగ్గుతూనే ఉంది.

పొద్దున రేవుకు వచ్చేటప్పుడు టికెట్ల గదిలోంచి వదిన పిలిచింది. అతని అన్న ఆ పడవను నడిపే సరంగు. వదిన టికెట్లు ఇస్తుంది.

"ఇదిగో, రాత్రంతా కూర్చునే ఉన్నాడు మీ అన్న. పడుకుంటే ఊపిరాడటం లేదట. ఆసుపత్రికి పదమంటే, పడవ బాగయ్యాక చూద్దాంలే అంటాడు. నువ్వైనా ఓ మాట చెప్పు."

"మేం మాట్లాడుకోం కదా వదినా."

"తెలుసులేవయ్యా, కొత్త సంగతి చెప్పినట్టు! మీ పంతాల మధ్య నా ప్రాణం పోతోంది."

అతను చెప్పుతో నేల రాస్తూ కాసేపు నిలబడి వచ్చేశాడు.

అన్నదమ్ములు మాట్లాడుకోక ఏళ్ళు గడిచాయి. ఎగువన వడి ఎక్కువగా ఉండే చోట ఒకసారి ఇంజను ఆగిపోయి పడవ బండకు కొట్టుకుంది. ఒకావిడ చెయ్యి విరిగింది. విచారణకు వచ్చినవాళ్ళతో అన్న "ఇంజను ఆగింది" అన్నాడు. తమ్ముడు "లోతు చూసుకోకుండా పోనిచ్చాడు, అడుగున గులకరాళ్ళు పీల్చింది" అన్నాడు. రెండూ నిజమే. కానీ ఆ రోజు ఇద్దరికీ ఎవరి నిజం వాళ్ళకే వినిపించింది. టైర్లకు పంక్చర్లు వేసుకునే తమ్ముణ్ణి రేవుకు తెచ్చి, ఈత నేర్పి, ఈ పనిలో పెట్టింది ఆ అన్నే. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అప్పటినుంచీ చెప్పుకోవలసినవి పడవతో చెప్పుకుంటున్నారు. మొదట్లో ప్రయాణికులు పడీ పడీ నవ్వేవారు. తర్వాత వాళ్ళకూ అలవాటైపోయింది.

సరంగు వచ్చాడు. మనిషి పొడగరి. ఎప్పుడూ ఒక్క అంగలో పడవలోకి దిగేవాడు, ఇవాళ అంచు పట్టుకుని ముందు ఒక కాలు, కాస్త ఆగి రెండో కాలు వేశాడు. సీట్లో కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

"ఏమే పడవా, డాక్టరుగారి వైద్యం ఎందాకా వచ్చిందో?"

"నీళ్ళల్లో నడిపిస్తే గానీ తేలదని చెప్పు," అన్నాడు ముప్పావు. "మడుగులోకి పోనిచ్చి నిలబెట్టమని చెప్పు."

ఏరు వంపు తిరిగే చోట మడుగు ఉంది. అక్కడ వడి ఉండదు. సరంగు పడవను అక్కడికి పోనిచ్చి, ధార వెనకనున్న అడ్డురేకును సగం దించాడు. దాంతో ముందుకు తోసే ధారా, వెనక్కి తోసే ధారా సరిసమానమై పడవ ఉన్నచోటే సన్నగా వణుకుతూ నిలిచింది. ఇది అందరికీ చేతకాదు. అతను మాత్రం నిద్రలో కూడా నిలబెట్టగలడని పేరు.

ముప్పావు బోర్లా పడుకుని తలా భుజాలూ ఇంజను పెట్టెలోకి దూర్చాడు. వేడి ముఖానికి కొట్టింది. ఇంజను పీల్పును కొలిచే మీటరును గొట్టానికి తగిలించాడు. కార్బురేటరుకు ఎదురుగా రెండు చిన్న స్క్రూలుంటాయి. గాలిలో పెట్రోలు ఎంత కలవాలో చెప్పేవి అవే. కుడిదాన్ని కొంచెం కొంచెంగా లోపలికి బిగించాడు. ఇంజను గుటకలు మింగింది. వెనక్కి వదులుతూ వచ్చాడు, చప్పుడు నున్నబడింది. మీటరు ముల్లు పైకి లేచింది గానీ వణుకు మానలేదు. ఎడమదాని మీద కార్బురేటరు నీడే పడి గాడి కనపడటం లేదు. వేలితో తడిమి స్క్రూడ్రైవరు ఆనిస్తే జారిపోయింది. మళ్ళీ జారింది.

"కాస్త రేజ్ చెయ్యమని చెప్పవే," అన్నాడు.

ఇంజను హోరెత్తింది, ఒక్కసారి దగ్గింది, మళ్ళీ దిగింది.

"దగ్గు మీ ఇద్దరిలో ఎవరిదో కనుక్కోమను," అన్నాడు. తనకు తెలిసిన తీరులో అదే ఆరోగ్యం అడగటం. పైనుంచి చిన్న నవ్వు వినిపించిందనిపించింది.

ఆ తర్వాత చాలాసేపు పని మీదే ఉన్నాడు. ఎడమ స్క్రూ గాడి దొరక్క విసుగు పుట్టింది. అప్పుడు పడవ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఇంజను మీది నీడలు పక్కకు జరిగాయి. ఎండ ముందు గొట్టాల మీదికి, అక్కణ్ణించి కార్బురేటరు మీదికి పాకింది. స్క్రూ తల తళుక్కున మెరిసింది. గాడి స్పష్టంగా కనిపించింది.

అన్న తనకోసం పడవను వెలుగులోకి తిప్పాడు. అడక్కుండానే.

ముప్పావు చెయ్యి ఆగిపోయింది.  

"అన్నయ్యా, చాలు. అక్కడే ఉంచు," అన్నాడు. "వెలుగు బాగా పడుతోంది."

జవాబు రాలేదు. రాకపోవడం వింతనిపించలేదు. ఇన్నేళ్ళకు పిలిస్తే ఎవరికైనా మాట పెగలడానికి కాస్త టైం పడుతుంది. స్క్రూడ్రైవరు గాడిలో కూర్చుంది. ముప్పావు తిప్పాడు. ముల్లు పైకి లేచి, వణుకు మాని నిలబడింది. ఇంజను కడుపు నిండిన పిల్లిలా గురగురలాడింది. అంత చక్కగా అది ఎప్పుడు పలికిందో అతనికి గుర్తు లేదు.

"వదిన చెప్పింది," అన్నాడు లోపలి నుంచే. "రేపు నేనే తీసుకెళ్తా ఆసుపత్రికి. కాదనకు."

తల బయటికి తీశాడు. సరంగు గడ్డం రొమ్ముకు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి ఒళ్ళో ఉంది. చక్రం దానంతటదే అటూ ఇటూ ఊగుతోంది. పడవ ఇంకా తిరుగుతూనే ఉంది. ఎండ ఇంజనును దాటిపోయింది.

ముప్పావు నూనె చేతిని చొక్కాకు తుడుచుకుని అన్న మెడ కింద రెండు వేళ్ళు పెట్టాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. మళ్ళీ మెడ దగ్గరే చూశాడు. చేతుల నిండా ఇంజను అదురే ఉంది, ఇంకేమీ తెలియలేదు. ఇంజను ఆపి చూశాడు. అప్పుడు తెలిసింది.

కాసేపటికి మళ్ళీ స్టార్ట్ చేశాడు. పక్కన నిలబడి, ఎడమ చేత్తో అన్నను సీటుకు ఆనించి పట్టుకుని, కుడి చేత్తో చక్రం తిప్పుతూ రేవు వైపు పోనిచ్చాడు. రేజ్ చేసినప్పుడు ఇంజను దగ్గలేదు. దారి పొడుగునా ఒక్కసారి కూడా దగ్గలేదు.

టికెట్ల గదిలోంచి వదిన దూరాన్నే పడవను చూసింది. చక్రం దగ్గర నిలబడి ఉన్నది మరిది. చేతిలోవి కింద పెట్టి బయటికి వచ్చి నిలుచుంది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

నలుగురు వచ్చి సరంగును దించుకున్నారు. వదిన వాళ్ళ వెంట నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "మాట్లాడావా?" అని అడిగింది.

"మాట్లాడాను వదినా."

"ఏమన్నాడు?"

ముప్పావు నీళ్ళ వైపు చూశాడు.

"పడవను వెలుగులోకి తిప్పాడు," అన్నాడు.

ఆవిడ తల ఊపి వెళ్ళింది. ఇంజను పెట్టె తెరిచే ఉందని గుర్తొచ్చి అతను వెనక్కి వచ్చాడు. మీటరు ఊడదీశాడు, స్పానర్లు తువ్వాల్లో చుట్టాడు. మూత దించబోతూ ఆగాడు. తాను పడుకుని పనిచేసిన వైపు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, పెట్టె అంచు మీద, తాను పడుకున్నప్పుడు లేని ఒక కమలాపండు ఉంది. సగం తొనలు లేవు. మిగిలిన సగం తొక్కలోనే, పీచు తీసి శుభ్రంగా, విడివిడిగా పేర్చి ఉన్నాయి. ఇంజను వేడికి వాటి పైపొర అప్పుడే ఆరి గట్టిపడుతోంది.