వాగు అవతల కూసిందెవరు?

పెళ్లై నెల కూడా కాలేదు. అత్తవారింట్లో నాకు ప్రతిదీ ముద్దొస్తోంది, వంటపాకలో కళ్లు మండించే పొగతో సహా. ఆ మురిపెంలోనే మామయ్యగారితో అనేశాను: "మన అడవిలో మనుమెయా కూసింది. నేను విన్నాను!"

మనుమెయా మా సమోవా దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని పావురం. ఎర్రటి వంకర ముక్కు, కింది దవడకు పళ్లలాంటి నొక్కులు. ఇంకా ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు. కాలేజీలో నేను చూసింది దాని బొమ్మనే.

నా మాట ఊరంతా పాకింది. కొత్త చర్చి విందు కోసం కుర్రాళ్లు అడవిలో లూపెలను, అంటే మామూలు పావురాలను, కాల్చడానికి తుపాకులు తుడుచుకుంటున్నారు. మనుమెయా ఉన్నట్టయితే వేట ఆపేద్దామని, లేకపోతే కానిద్దామని పెద్దలు అనుకున్నారు. చదువుకున్న కోడలు కదా అని సాయంత్రం నన్ను సభకు రమ్మన్నారు.

మధ్యాహ్నం చేమతోటలో భోజనానికి కూర్చున్నప్పుడు మా ఆయన పెసమినో గొంతు సవరించుకున్నాడు.

"మొయెలాంగీ, తిట్టనంటే ఒకటి చెప్తా."

"తిడతా. చెప్పు."

"ఆ రోజు కూసింది నేనే. దోసిట్లోకి ఊది. ఎప్పుడూ మనుమెయా మనుమెయా అంటావు కదా, మురిసిపోతావని..."

పావురాన్ని కొమ్మ మీదికి రప్పించడానికి ఇక్కడి మగాళ్లంతా చిన్నప్పుడే నేర్చే విద్య అది. నాకెందుకు తట్టలేదో!

"నీ మొహం! సభలో ఏం చెప్పను? మా ఆయనే మనుమెయా అననా?"

"అను. నన్నైతే కాల్చరుగా."

నవ్వాలో ఏడవాలో తెలియక, కొబ్బరిపాలు కారుతున్న చేమాకు పొట్లం విప్పి అతని నోట్లో కుక్కాను. సరిగ్గా అప్పుడే వాగు అవతల నుంచి, దూడ అంబా అన్నట్టు, మూ... మూ...

అతని బుగ్గలు నిండుగా ఉన్నాయి. చేతుల్లో చెరో పొట్లం.

"నువ్వు కాదుగా?"

తల అడ్డంగా ఊపి, కష్టపడి మింగాడు. "లూపె అయ్యుంటుంది. కాదు, మనుమెయానేమో. రెండూ ఇంచుమించు ఒకలాగే కూస్తాయే!"

సాయంత్రం చాపల మీద పెద్దలంతా కూర్చున్నారు. ఊరిపెద్ద మా పెదమామయ్యగారే.

"ఏ పిట్ట తల్లీ?"

"తెలియదండి." దోసిలి సంగతితో సహా అంతా చెప్పేశాను. పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెసమినో స్తంభం వెనక్కి జరిగాడు.

"మరి ఇవాళ కూసింది?"

"ఈయన మాత్రం కాదండి. నోరు ఖాళీ లేదు. లూపెనో మనుమెయానో నాకు తేలలేదు."

పెదమామయ్యగారు కుర్రాళ్ల వైపు తిరిగారు. "ఆకుల చాటున కూర్చున్నది ఏదో, కాల్చేముందు మీలో ఎవరైనా చెప్పగలరట్రా?"

"కూతను బట్టే గురి చూస్తామండి" అని ఒకడు గొణిగాడు.

"అయితే అడవి మూసేద్దాం, వేట లేదు. విందుకు పందిని కొయ్యండి."

ఇంటికి వస్తుంటే పెసమినో మళ్లీ దోసిలి పట్టబోయాడు.

"వద్దు బాబూ, ఉన్న అయోమయం చాలు" అని అందులో ఒక చెయ్యి లాక్కుని పట్టుకున్నాను. అడవి వైపు చెవి పెట్టుకునే ఇద్దరం నడిచాం.