నీళ్లకు తాళం

కంచెకు అవతల తొట్టి నిండా నీళ్లు. ఇవతల గొర్రె. తీగల సందున మూతి పెట్టి, నాలుక చాపి, అలాగే మోకాళ్ల మీద కూలిపోయింది. ఊనా హెగర్టీ దాని కళ్లు మూసింది. పొద్దుటినుంచి ఎన్నింటికి మూసిందో ఆమెకే తెలియదు.

వానలు మొహం చాటేసి ఏళ్లయింది. కుర్రబిల్లా గొర్రెల సీమలో ఇంటికీ ఇంటికీ మధ్య పొద్దు పొడవునా ప్రయాణం. అయినా బోరు నీళ్లు అందరివీ. గేటు తెరువు, మందకు నీళ్లు తాపు, మళ్లీ మూసెయ్. అక్కడ చట్టం అదే. మూయడం మరిచిన పిల్లల వీపులు చిట్లేవి. ఇప్పుడా బోరున్న నేలను పట్నం కంపెనీ కొన్నది, గేటుకు తాళం పెట్టింది. దాహానికి తాళం వేసేవాడు మనిషేనా!

ఉన్ని కత్తిరించే కొట్టంలో అందరూ కూడారు.

"కోర్టుకెళ్దాం," అన్నాడు పక్క పొలం క్లెమ్.

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతావా?" ఊనా మండిపడింది. "తీర్పొచ్చేసరికి గొర్రెలుండవ్, మనమూ ఉండం. కంచె కోద్దాం. తలా ఒక తీగ కోయాలి. రేపు 'నేను కాదు' అనే మొనగాడు ఒక్కడూ మిగలకూడదు."

కోశారు. గొర్రెలు ఒక్కపూట తాగాయి. కంపెనీ మనుషులు తుపాకులతో వచ్చి తీగలు బిగించేశారు. జనం కదల్లేదు, మందలతో కంచె పక్కనే మకాం వేశారు. మర్నాడు కంపెనీ ఇచ్చిన తాళంచెవితో గేటు తెరిచి, మళ్లీ మూసి, పోలీసు పర్సెల్ జీపులో ఇవతలికి వచ్చాడు, ఊనా కోసం.

"అందరం కోశాం! అందర్నీ పట్టుకుపో!" జనం అరిచారు.

"జీపులో చోటు ఒక్కరికే," అన్నాడు పర్సెల్ తల దించుకుని.

ఊనాను పక్కన కూర్చోబెట్టుకుని గేటు దాకా వచ్చి ఆపాడు. ఆ ప్రాంతంలో డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లే దిగి గేటు తీయాలి, వేయాలి. గవర్నరైనా అంతే. బుద్ధెరిగిన నాటినుంచి ఉన్న అలవాటు. పర్సెల్ ఆలోచించకుండానే తాళంచెవి ఊనా చేతిలో పెట్టాడు.

"దిగమ్మా."

దిగింది. తాళం తీసింది. జీపు లోపలికి పోయి ఆగింది. మూయబోయిన చేతిని ఆమె వెనక్కి తీసుకుంది. పుట్టాక ఏ గేటునూ తెరిచి వదిలేసిన మనిషి కాదు.

"ఊనమ్మా, గేటు!"

"మోకాళ్ల నొప్పి నాయనా. నువ్వే దిగి వేసుకో."

గొలుసూ తాళమూ తొట్టిలోకి విసిరేసింది.

గొర్రెలు అప్పటికే నీటి వాసన పట్టాయి. పర్సెల్ పరుగెత్తుకొచ్చి చేతులు చాపాడు. వాటికి పోలీసంటే ఏం లెక్క? అతని పక్కల్నుంచి, కాళ్ల సందుల్లోంచి దూసుకుపోయాయి. ముసలీ ముతకా, ఆడా మగా వచ్చి తెరిచిన గేటును గట్టిగా పట్టుకు నిలబడ్డారు.

"తాళంచెవి ఇచ్చిందెవరయ్యా?" క్లెమ్ నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

ఊనా తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని తనంతట తానే వెళ్లి జీపులో కూర్చుంది.

"పద నాయనా. టౌను చేరేలోపు కంపెనీ గేట్లు ఇంకా నాలుగున్నాయి."